మంచినీళ్లకు పోయిన తమ్ముడు

కొండగట్టు అంజన్న మీద ఒట్టు, ఎములాడ రాజన్న మీద ఒట్టు, నేను చెప్పబోయేదాంట్ల ప్రతి మాట నిజం. ఇద్దరు దేవుళ్లు ఎందుకంటె, ఒక్క దేవుని మీద ఒట్టేస్తె జగిత్యాలల నన్ను ఎవలు నమ్మరు. గోదావరిల నేను పట్టిన చేపకు ముక్కుపుడక ఉండెనని చెప్పింది నేనే. కోరుట్ల బస్సు మీద చిరుతపులి టికెట్ లేకుండ కూసున్నదని చెప్పింది గూడ నేనే. అవి వేరు. అవి నలుగురిని నవ్విపిచ్చనీకె చెప్పినయి. గిది నన్ను అప్పటిసంది పట్టుకొని ఇడుస్తలేదు. నవ్వొచ్చినకాడ నవ్వుండ్రి, నేనేమనుకోను.

ఎనభైల ఆఖరి ఏండ్లు. నేను జగిత్యాలల ఒక ప్రెస్సుల ప్రూఫులు దిద్దేటోన్ని. పెండ్లి పత్రికలు, బీడీకట్టల లేబుళ్లు, కిరాణ దుకాణాల బిల్లుబుక్కులు, పరీక్షలు దగ్గరపడితె బడుల ప్రశ్నపత్రాలు. ఆ ప్రశ్నపత్రాల కోసం మా సేటు ఒక సైక్లోస్టైల్ మిషన్ కొన్నడు. మైనం పూసిన పలుచని కాయితం మీద ఇనుప మొనతోటి గీకాలె. దాన్ని మిషన్‌కు చుట్టి, సిరా పోసి, పిడి తిప్పితె గీకినకాడల్లా నల్లగ దిగుతది. పరీక్షలు లేని నెలలల్ల ఆ మిషన్ మూలకు ఉత్తగ కూసుండి సేటు కండ్లల్ల పొడుస్తుండె.

"ఓ రైటరు, దీనికేదన్న పని చూడు" అన్నడు ఒకనాడు. నన్ను రైటరని పిలిచిన మొదటి మనిషి ఆయననే. ఆయన ఎక్కిరిచ్చనీకె పిలిచిండు. నేను నిజమనుకున్న.

కోరుట్లల నాకొక సోపతిగాడు ఉండె, దుకాణాలకు బోర్డులు రాసే పెయింటర్. వాడు ఒక్కసారి చూసిన ముఖం వాని చేతిల్నుంచి తప్పించుకోదు. ఇద్దరం కలిసి నెలకొక బొమ్మల పుస్తకం తీసుడు షురూ చేసినం. పేరు గొంగడి వీరుడు. పట్నం పుస్తకాలల్ల వీరులకు వీపు మీద పట్టుబట్ట ఎగురుతది. మావోనికి కురుమలు నేసిన నల్ల గొంగడి. కప్పుకుంటె తూటా దిగది, దులిపితె గాలిల లేస్తడు. ఒక్కటే కొదువ. వానల తడిస్తె గొంగడి బరువెక్కి కిందపడుతడు. అందుకని వానకాలమంత మా వీరుడు దొంగల వెంట ఎర్రబస్సుల తిరిగేటోడు. సీటు దొరకకపొయ్యేది.

పుస్తకానికి పదహారు పేజీలు. వీరుని లొల్లి సగం పుస్తకంల ఒడిసేది. మిగిలిన సగం నింపనీకె ఉపకథలు పెట్టిన. ఉపకథ పెట్టుడు అల్కగనే ఉంటది. దాన్ని మల్ల యాదుంచుకునుడే కష్టం. మొదటి సంచికల ఒక పంతులమ్మ రాయికల్ల బస్సు కోసం నిలవడ్డది. అట్లనే నిలవడ్డది. వీరుని శత్రువు బామ్మర్దికి దుబాయి వీసా వచ్చింది, విమానమెక్కిండు, గంతే. వెల్గటూరు కాడ ఒకడు నెత్తి మీద సందూక పెట్టుకొని గోదావరిల దిగిండు. సందూకల ఏమున్నదో రాసిన నాకే ఎర్క లేదు.

"అరేయ్, ఆ పంతులమ్మ కాళ్లు గుంజుతున్నయేమోరా. బస్సన్న పంపు" అనేటోడు పెయింటర్.

"బస్సు గీస్తవా?"

జరసేపు ఆలోచన చేసి, "కిటికీలు మస్తుంటయి. నిలవడనియ్" అనేటోడు.

ఆ ఉపకథలల్ల ఒకటి వీరుని తమ్మునిది. రెండో సంచికల వీరుడు దెబ్బలు తిని ఇంటికొచ్చి గద్దె మీద కూలబడ్డడు. దూపయితున్నదన్నడు. తమ్ముడు చెంబు తీసుకున్నడు. "తమ్ముడు మంచినీళ్లకై లోపలికి వెళ్ళెను" అని నేను గ్రాంథికంగ రాసిచ్చిన. పెయింటర్ మైనం కాయితం మీద వెళ్ళెను అని చెక్కవోతె కాయితం చినిగింది. ళకు ఒత్తు, నెత్తి మీద ఎత్వం. గంత ఇరుకుల మొన గుండ్రంగ తిప్పంగనే నడిమి ముక్క ఊసి కిందపడుతది. రెండు కాయితాలు ఖరాబైనంక వాడు నన్ను అడుగకుండ "తమ్ముడు లోపలికి పోయిండు" అని చెక్కి పడేసిండు. కింది బొమ్మల ఎవరో కేకేసిన్రు, వీరుడు దూపతోనే గొంగడి దులిపి లేచిపోయిండు. మూడో సంచికల తమ్ముడు లేడు. నాలుగోదాంట్ల లేడు. నేను మర్సిపోయిన.

మా దిక్కు ఆ ఏండ్లల్ల లోపలికి పోయిండంటె ఒక్కటే అర్థం. అన్నలల్ల కలిసిండు, అడివిల ఉన్నడు. ఇల్లు ఇడిసి, ఊరు ఇడిసి, కనపడకుండ బయటికి పోయినోన్ని లోపలికి పోయిండనేటోళ్లు. జనం ఆ మాట నాలికె మీదికొస్తె మింగేటోళ్లు. కోరుట్లల ఒక పెండ్లిల అయ్యగారు "వరుడేడి?" అని అడిగితె, మేనమామ "లోపలికి పోయిండు" అన్నడు. పెండ్లిపిల్ల తల్లి పందిట్లనే కూలబడ్డది. ఆ పెండ్లికొడుకు పంచె సదురుకోనీకె పోయిండు పాపం.

ఇంత ఎర్కుండి గూడ మా పుస్తకంల ఆ మాట పడ్డదని మేము చూసుకోలే. సిరిసిల్ల బస్టాండుల పుస్తకాలు అమ్మెటాయన ముందుగాల చూసిండు.

"ఈసారి ఎక్కువ కాపీలు పంపుండ్రి. సాంచాల మీద పనిచేసేటోళ్లు అడిగి అడిగి కొంటున్రు" అన్నడు.

"వీరుడు గంత నచ్చిండా?" నేను ఉబ్బిపోయిన.

"వీరుడా? వాన్నెవడు అడుగుతలేడు. తమ్ముడేమైండు, తమ్ముడేమైండు, గిదే లొల్లి."

సాంచాలంటె మరమగ్గాలు. సిరిసిల్లల గల్లీ గల్లీకి అవే చప్పుడు. ఆ చప్పుడుల నిలవడి నేతగాళ్లు నా పుస్తకం తిరగేస్తున్రంటె నాకు సంతోషమే అయింది. గని వాళ్లు ఆకాశంల ఎగిరేటోన్ని చూస్తలేరు. వంటింటి దర్వాజ దిక్కు చూస్తున్రు.

ఆ నెలల్నే ఆమె వచ్చింది.

మాపటేళ కూడ కాలే, ఎండ నడినెత్తి మీద ఉన్నది. కరెంటు పోయి మిషన్లు ఆగినయి. సిరిసిల్ల నుంచి బస్సులు మారి వచ్చినట్టున్నది, చీరె కొంగు చెమటకు తడిసింది. యాభై దాటిన మనిషి. తునికాకు, తంబాకు పట్టి పట్టి చేతి ఏళ్లు గోధుమరంగుకు తిరిగినయి. కొంగుల చుట్టుకొచ్చిన పుస్తకం బయటికి తీసి, "గిది రాసెటోళ్లెవలు?" అన్నది.

సేటు ఏలుతోటి నన్ను చూపిచ్చిండు. తర్వాత పోలీసోళ్లు అడిగినప్పుడు గూడ గంతే బిరాన చూపిచ్చిండు.

"గీ పిల్లగాడు లోపలికి పోయిండు గదా. ఎన్నడత్తడు కొడుకా?"

"ఏ పిల్లగాడు పెద్దమ్మా?"

"చెంబు పట్టుకొని పోయినోడు."

నాకు నిజంగ యాదికి రాలే. ఆమెనే పేజీ తిప్పి చూపిచ్చింది. సదువు రాని మనిషి. బొమ్మను బట్టి పేజీ గుర్తుపెట్టుకున్నది.

"మా పక్కింటి పిల్ల సదివి చెప్పింది. లోపలికి పోయిండని రాసున్నదట. మావోడు గూడ గట్లనే. సాంచా బందుపెట్టి, చాయ తాగొత్తనే అవ్వా అన్నడు. గంతే. రెండు బతుకమ్మ పండుగలు పోయినయి. ఉన్నడో లేడో చెప్పెటోడు లేడు. పోలీసోళ్లు నన్నే అడుగుతరు. నేనెవల్నడగాలె? నీకైతె ఎర్కుంటది. ఎర్క లేకుంటె అచ్చుల ఎట్లేత్తవు?"

"కథ పెద్దమ్మా. ఉత్త కథ."

"కథనే. నేను కాదన్ననా?" అన్నది. "ఆ కథల వాడు బతికున్నడా లేడా, గది చెప్పు."

ఆమె ఎండనబడి వచ్చింది, ముందుగాల మంచినీళ్లన్న ఇద్దామని లేచిన. ప్రెస్సు ఎనుక కాయితాలు పెట్టే చీకటి అర్ర ఉండె, నీళ్ల రంజన్ అండ్లనే ఉండేది. "ఆగు పెద్దమ్మా, నీళ్లు తెస్త" అని రెండడుగులేసిన్నో లేదో, ఎనుకనుంచి నా అంగీ పట్టి గుంజింది. ఎంత గట్టిగనంటె బొత్తాం ఊడింది.

"లోపలికి పోకు" అన్నది. "నాకు దూపయితలేదు."

పెదవులు ఎండి తెల్లగైనయి ఆమెకు. నేను ఎనుకకు వచ్చి కూసున్న.

"బతికున్నడు" అన్న. నేను ఆపేలోపల్నే ఆ మాట నోట్లెకెల్లి పోయింది.

"అయితె వచ్చే పుస్తకంల ఎయ్యి. అచ్చుల పడకుంటె నేను నమ్మ."

ఆమె పోయినంక సేటు అర్రలున్న రంజన్ తెచ్చి ఈతలి వసారల పెట్టిచ్చిండు.  ఆనాటిసంది ఆ అర్రలకు పోవాలంటె ఇద్దరిద్దరం పోయేటోళ్లం.

వారం తిరగకముందె స్టేషనుకు రమ్మన్నరు, నన్ను, పెయింటర్‌ను. ఎస్సై బల్ల మీద మా సంచికలన్ని వరుసగ పరిచి ఉన్నయి. అంత శ్రద్ధగ నా పుస్తకం సదివిన మనిషిని నేను మల్ల చూడలే.

"గొంగడి ఎవని గుర్తురా?" అన్నడు. "గొంగడేసుకొని పాటలు పాడెటోళ్లను మస్తు మందిని చూసిన."

"చలికాలం మా తాత గూడ కప్పుకుంటడు సార్" అన్నడు పెయింటర్.

"నీ తాత సంగతి తర్వాత. తమ్ముడేడున్నడు?"

"వంటింట్ల సార్" అన్న నేను.

"ఇన్ని నెలలసంది వంటింట్లనా? ఏం వండుతున్నడురా, నాకు పెట్టనీకేనా?"

అప్పుడు పెయింటర్ చేతులు కట్టుకొని వెళ్ళెను సంగతి మొత్తం చెప్పిండు. ళకు ఒత్తు, నెత్తి మీద ఎత్వం, ఊసిపోయే ముక్క, అంతా. ఎస్సై నమ్మలే. స్టేషన్ల గూడ అసొంటి మిషన్ ఉండె. ఒక మైనం కాయితం తెప్పిచ్చి రైటరు కానిస్టేబుల్‌ను రాయుమన్నడు. కాయితం చినిగింది. ఎస్సైనే మొన గుంజుకొని రాసిండు. అదీ చినిగింది. మేము నవ్వొద్దని నేలచూపు చూసినం.

"సరే, నమ్మిన" అన్నడు చేతులు తుడుచుకుంట. "ఇగ వచ్చే నెల వాన్ని బయటికి తీస్కరా. చేతులు పైకెత్తి వచ్చినట్టు గియ్యి. లొంగిపోయిండు, పూలదండేసిన్రు, మంచిగ బతుకుతున్నడు. నలుగురు సదివి నేర్చుకోవాలె."

"సార్, అది కథకు..."

"నువ్వు తేకపోతె, బయటికి తెచ్చుడు మాకు గూడ ఎర్కనే." గొంతు పెంచలే ఆయన. చాయ తాగి పొండ్రి అన్నట్టే అన్నడు.

ఆ సంగతి ఎట్ల పాకిందో, మూడోనాడు కోరుట్లల మేము చాయ తాగుతుంటె లుంగీ కట్టుకున్న ఒకాయన వచ్చి పక్కన కూసున్నడు. ఎన్నడు చూసిన మనిషి కాదు.

"పుస్తకం మంచిగున్నది. తమ్ముడు చేతులెత్తుతడని ఎవలో అంటున్రు. ఎత్తడనుకుంట" అన్నడు. చాయ ఆఖరి గుక్క దాంక నింపాదిగ తాగి లేచిపోయిండు.

పెయింటర్ దుకాణంల, సగం రాసిన బోర్డు ముందల కూసున్నం. తమ్మున్ని సంపితె ఆమె ఏమైతదో. లొంగిపోయిండని రాస్తె లుంగీ ఆయన ఊకోడు. ఉత్తగ ఇంటికొచ్చిండని రాస్తె, యాడికెల్లి వచ్చిండని ఎస్సై అడుగుతడు. మర్సిపోయినట్టే ఉందామంటె, ఆమె సిరిసిల్ల బస్సు దిగి వస్తది.

"నేను వాని ముఖం గియ్యరా" అన్నడు పెయింటర్. "ముఖం గీస్తె మెడ గియ్యాలె, మెడ గీస్తె చేతులు గియ్యాలె. ఎత్తినయా దించినయా అని అందరు చేతులే చూస్తరు."

"మరి?"

వాడు గోడ మీద సుద్దతోటి ఒక దర్వాజ గీసిండు. లోపలంత నలుపు నింపుతనన్నడు. ఈతలి దిక్కు ఒక మాటబుడగ గీసి, దాని తోక మాత్రం దర్వాజలకెల్లి చీకట్లకు పంపిండు. మనిషి లేడు. మాటనే.

గట్ల ఆరో సంచిక వచ్చింది. అప్పటిదాంక మా వీరునికి తల్లే లేకుండె. నేనొక తల్లిని తెచ్చి గడప ముందల కూసోబెట్టిన. ఆమె "ఎంతసేపురా?" అంటది. చీకట్లకెల్లి బుడగ: "వస్తున్ననే అమ్మా" అని నేను రాసిన. పెయింటర్ మల్ల తన ఇష్టప్రకారం చెక్కిండు: "అత్తున్ననే అవ్వా."

ఎస్సై సదివి నా దిక్కు చూసిండు. "లొంగిపోతలేడు గదరా వీడు."

"వస్తున్న అంటున్నడు గద సార్. వచ్చెటోన్ని వద్దంటమా?"

ఆయన నవ్విండో పండ్లు కొరికిండో తెల్వది. "చూస్త. ఎన్ని నెలలు వస్తడో చూస్త" అన్నడు.

ఆమె పుస్తకం పడంగనే వచ్చింది. నేను సదివిన. "మల్ల సదువు" అన్నది. సదివిన. బుడగ మీద ఏలు పెట్టి, తోక పొడుగున చీకట్ల దాంక పోనిచ్చింది. కండ్లు మూసుకున్నది.

"కాళ్లకు చెప్పులున్నయా అడుగు" అన్నది.

"ఎవల్నడుగాలె పెద్దమ్మా?"

"నువ్వు రాసినవు గదా ఆ ముసల్ది, గడప కాడ. దాన్నడుగుమను."

తర్వాతి సంచికల వీరుని తల్లి అడిగింది. "ఉన్నయే అవ్వా, టైరు చెప్పులు" అన్నది చీకటి. ఆమె మల్ల వచ్చింది. జరమొస్తె గోళీలు ఎవలిస్తరన్నది. చీకటి జవాబిచ్చింది. మక్కగట్క తింటున్నవా, పప్పేమన్న దొరుకుతదా అన్నది. నెలనెలా గిదే నడిచింది. వీరుని లొల్లి రెండు పేజీలకు కుదిచ్చుకపోయింది. శత్రువు పనిలేక మూలకు నిలవడి ఆవలిస్తుండె. ఉపకథ అసలు కథను మింగిందని సేటు మొత్తుకున్నడు. అమ్మకం పెరిగేసరికి మొత్తుకునుడు బందుపెట్టిండు.

నాకు మాత్రం పగలు గూడ నిమ్మళం లేకుండె. ఎవల కోసం రాస్తున్ననో నాకెర్కనే, ఎవల గొంతుల రాస్తున్ననో ఎర్క లేకుండె. ఆమె కొడుకును నేను ఎన్నడు చూడలే. జవాబు రాయనీకె కూసుంటె ఎవలో చెప్తుంటె రాసినట్టే చెయ్యి పోయేది. మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్లన్ని ఒక్కసారి ఆగినప్పుడు, ఎనుక అర్రల చెంబు రంజన్‌కు తాకిన చప్పుడు ఇనిపిచ్చేది. రంజన్ వసారల, నా కండ్ల ముందల ఉండె.

ఒక సంచికల ఒక మాట పడ్డది. తల్లి ఏదో అడుగుతది, చీకటి జవాబిస్తది, దాని కింద ఇంకో చిన్న బుడగ: "అవ్వా, తలుపు దగ్గరికెయ్యి, తంబాకు ఎగురుతది."

నేను సదువుతనే ఉన్న. ఆమె చేతులు చాపి బల్ల పట్టుకున్నది.

"గిది నీకెవలు చెప్పిన్రు?"

"ఏమైంది పెద్దమ్మా?"

"నేను గడప కాడ చాట పెట్టుకొని బీడీలు చేత్తుంటె వాడు గిట్లనే అనేటోడు. సాంచా కాడికెల్లి ఒర్లేటోడు. ఎవలు చెప్పిన్రు కొడుకా నీకు?"

ఆ మాట నేను రాయలే. పెయింటర్‌ను అడిగిన. "నువ్వు రాసిందే చెక్కిన గదరా, నీ తోడు" అన్నడు. నేను రాసిచ్చిన కాయితం ఎతికితె దొరకలే. బీడీలు చేసే ఇల్లు మా జిల్లాల ఏ గల్లీల లేదు, గాలికి తంబాకు ఎగరని గడప యాడున్నది, అసొంటి మాట ఎవలన్న అంటరు, మన చేతిల ఎట్లనో పడ్డది, అని ఒకల్నొకలం సముదాయించుకున్నం. అయినా పెయింటర్ ఆనాటిసంది దర్వాజల నలుపు నింపుతున్నప్పుడు దాని దిక్కు సూటిగ చూడకపొయ్యేటోడు. ముఖం పక్కకు పెట్టి గీకేటోడు.

ఆమె మాత్రం ఆ సంచికతోటి గట్టిపడ్డది. బతికున్నడు, మాట్లాడుతున్నడు, తలుపు గూడ యాదున్నది వానికి. బస్సెక్కేటప్పుడు మొదటిసారి ఆమె నవ్వుడు చూసిన.

పదకొండో సంచికకు నేను రాసింది చిన్నదే. తల్లి, "ఇంకెన్నడురా?" అంటది. చీకట్లకెల్లి, "ఇగో అవ్వా, దర్వాజ కాడున్న" అని జవాబు. ఎందుకట్ల రాసిన్నో చెప్పలేను. ఆమె నవ్వుడు చూసినంక, వాన్ని ఇంకో అడుగు ఈతలికి తేవాలనిపిచ్చింది. పుస్తకాలు అచ్చయినయి, కట్టలు కట్టినం.

ఆ కట్టలు పంపకముందె పెయింటర్ సిరిసిల్ల నుంచి వచ్చిండు. బట్టల దుకాణం బోర్డు రాయనీకె పోయిండె. డబ్బాలు కింద పెట్టకుండనే నిలవడ్డడు.

"తెచ్చిన్రురా" అన్నడు.

"ఎవల్ని?"

"ఆమె కొడుకును. ఎదురుకాల్పులట. జీపుల తెచ్చి గల్లీల దించిన్రు. నేను నిచ్చెన మీదున్న. ఒక్కసారి సాంచాలన్ని ఆగినయి. ముందు ఆ గల్లీ, ఎనుకనే పక్క గల్లీ, తర్వాత ఊరంత. సిరిసిల్లల పట్టపగలు అంత సప్పుడు లేకుండ నేనెన్నడు చూడలే. చెవులు నొచ్చినయి."

"నువ్వు చూసినవా వాన్ని?"

వాడు తల అడ్డంగ ఊపిండు. "పోలే. పోతె ఆ ముఖం చేతిలకొస్తది. మల్ల ఎన్నడన్న గీస్త."

కట్టలు ఇప్పి, ఆ పేజీ చింపేద్దామా అనుకున్నం. దర్వాజ కాడున్న. ఏం మాట అది. సేటు కట్టలను చీకటి అర్రల పెట్టాలన్నడు. ఈసారి ఆయనొక్కడే పోయి పెట్టొచ్చిండు.

నెల మాసికం అయినంక ఆమె వచ్చింది. ఎప్పుడొచ్చే బస్సుకే, ఎప్పుడు కూసునే బల్ల మీదనే. కరెంటు పోయి మిషన్లు ఆగి ఉన్నయి. "పుస్తకమేది?" అన్నట్టు చెయ్యి చాపింది. లేదని అబద్ధం చెప్పనీకె నాకు, అబద్ధాలకే పుట్టినోనికి, నోరు రాలే. ఒక కాపీ తెచ్చి ఆ పేజీ తెరిచి పెట్టిన. సదువలే. ఆమె బుడగను చూసింది, తోక పట్టుకొని చీకటి దాంక పోయింది. ఆ తర్వాత నా దిక్కు చూసి అన్నది:

"మావోడు అచ్చిండు కొడుకా. జీపుల అచ్చిండు. నీ పిల్లగాన్ని లోపల్నే ఉండనియ్యి. ఎవలేమన్న బయటికి తేకు. బయటికచ్చేటోళ్లు అందరు గట్లనే అత్తున్రు."

పన్నెండో సంచికల తల్లి లేదు, బుడగ లేదు. దర్వాజ దగ్గరికేసున్నది. వీరుడు గడప ముందల గొంగడి పరుచుకొని కూసున్నడు, పదహారు పేజీలు కూసున్నడు. ఎస్సైకి బదిలీ అయింది, కొత్తాయనకు బొమ్మల పుస్తకాలు సదివే అలవాటు లేదు. ఆ తర్వాత మేము తీయలే. ఇప్పటికి గూడ కోరుట్లల ఎవలన్న తెల్లవెంట్రుకలాయన కలిసి, "నీ పుస్తకం మంచిగనే ఉండె గని ఉపకథలు పల్చగుండె, తమ్ముడేమైండో చెప్పకనే పోయినవు" అంటడు. నేను అవునంట.

ఇగ ఒట్టు సంగతి. ఇద్దరు దేవుళ్ల మీద వేసిన కాబట్టి చెప్పాలె. చిరుతపులి ఎట్లాగు అబద్ధం, అది మీకెర్కనే. చినిగిన మైనం కాయితం నిజం. ఎస్సై రాయవోయింది నిజం. తంబాకు మాట అచ్చుల పడ్డది నిజం, ఎట్ల పడ్డదో ఇయ్యాల్టికి నాకు తెల్వది, పెయింటర్ ఉన్నడు, పోయి అడుగుండ్రి.

నేను కల్పించింది ఆమె ఆఖరి మాట. ఆమె ఆనాడు ఏమనలే. పేజీ ముందల పెట్టంగనే అరచేయి ఎత్తి ఆ బుడగ మీద పెట్టింది, గోధుమరంగు ఏళ్లు, మొత్తం కప్పేసింది. కరెంటు వచ్చి, మిషన్లు నడిచి, మల్ల ఆగేదాంక చెయ్యి తియ్యలే. ఆ తర్వాత లేచి బస్సుకు పోయింది. ఆ చెయ్యి వాన్ని లోపల్నే ఉంచుమన్నదో, ఇగ మాట్లాడకుమన్నదో, లేకపోతె ఆ మాటను ఒక్కసారి తాకి చూద్దామనుకున్నదో, నాకు తెల్వది. నేను మొదటిది రాసుకున్న, ఎందుకంటె పన్నెండో సంచికకు నాకేదో ఒకటి కావాలె. అడుగుదామని ఒకసారి సిరిసిల్లకు పోయిన. గల్లీ మొగల దాంక పోతె సాంచాల చప్పుడు మధ్యల ఆమె గడప కనపడ్డది. చాట ముందల పెట్టుకొని బీడీలు చేస్తున్నది. తలుపు బార్ల తెరిచున్నది.

నేను అటునుంచి అటే బస్టాండుకు వచ్చిన.